గేటు మీద బోర్డు ఉన్నా, కుక్క కరిస్తే బాధ్యత మాదేనా?

సింబావాళ్ళిల్లు
మొన్న సాయంత్రం జరిగింది. అప్పట్నుంచి ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. మా సింబా, నాలుగేళ్ళ లాబ్రడార్, పార్సిల్ ఇవ్వడానికొచ్చిన కుర్రాడి పిక్క పట్టుకున్నాడు. గేటు మూసే ఉంది కానీ గొళ్ళెం పూర్తిగా పడలేదు. అతను బెల్లు కొట్టాడట, మేం మేడ మీద ఉన్నాం, వినపడలేదు. గేటు తోసుకుని వసారా దాకా వచ్చాడు. గేటు మీద "కుక్క ఉన్నది జాగ్రత్త" అని పెద్దక్షరాల బోర్డు ఉంది. సింబా ఇంతవరకు ఎవర్నీ కరవలేదు. టీకాలన్నీ వేళకు వేయించాం, పుస్తకం కూడా ఉంది.

వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాం, ఖర్చు మేమే పెట్టుకున్నాం. ఇవాళ అతని అన్న ఫోన్ చేసి పోలీసు కంప్లయింటు ఇస్తానన్నాడు. మా ఆయన "బోర్డు పెట్టాం, తోసుకొచ్చింది అతను, మనకేంటి సంబంధం" అంటున్నారు. మా అత్తగారు "కుక్క మనదైనప్పుడు తప్పూ మనదే" అంటున్నారు. చట్టం ఏమంటుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

మూడోఅంతస్తు
చట్టం సంగతి తర్వాత. ఆ కుర్రాడు ఎలా ఉన్నాడు?

సింబావాళ్ళిల్లు
రెండు పళ్ళు లోతుగా దిగాయి, రక్తం బాగానే పోయింది. గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేదాకా రేబిస్‌ను అడ్డుకునే మందు) ఇచ్చి, టీకా మొదటి డోసు వేశారు. నడుస్తున్నాడు గానీ బండి తోలలేకపోతున్నాడు.

నల్లకోటు
కోర్టులో ఇలాంటివి చూసేవాణ్ణి కాబట్టి వివరంగా రాస్తున్నా.

మన దేశంలో కుక్కకాటుకంటూ విడిగా చట్టం లేదు. రెండు దారుల్లో వస్తుంది. ఒకటి క్రిమినల్ దారి. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ చూడండి. మన స్వాధీనంలో ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికో, తీవ్రగాయానికో అపాయం జరిగే వీలున్నప్పుడు, దాన్ని ఆపడానికి సరిపడా జాగ్రత్త తీసుకోకపోవడం నేరం. తెలిసి తీసుకోకపోయినా, నిర్లక్ష్యంతో తీసుకోకపోయినా నేరమే. 6 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1కి ముందు జరిగుంటే పాత ఐపీసీ 289 వర్తించేది. శిక్షాకాలం అదే, జరిమానా మాత్రం 1,000. బెయిలు వచ్చే నేరమే, ఆ భయం పెట్టుకోకండి. కానీ పోలీసులు నేరుగా కేసు కట్టగలిగిన నేరం కూడా.

దీనితోపాటు 125వ సెక్షన్ వేస్తుంటారు. ఎదుటివాళ్ళ ప్రాణానికో భద్రతకో ముప్పు తెచ్చేంత నిర్లక్ష్యం అన్నమాట. గాయమైతే 6 నెలల దాకా, తీవ్రగాయమైతే 3 ఏళ్ళ దాకా.

ఇక్కడే ఒక మెలిక ఉంది. "తీవ్రగాయం" అంటే ఎముక విరగడమే అనుకుంటారు చాలామంది. 15 రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా, 15 రోజులపాటు రోజువారీ పనులు చేసుకోలేకపోయినా అదీ తీవ్రగాయం కిందికే వస్తుంది. పాత చట్టంలో ఇది 20 రోజులు. అతను బండి తోలలేకపోతున్నాడని మీరే రాశారు. అతని బతుకుతెరువే అది. రోజులు గడిచేకొద్దీ ఈ లెక్క మారుతుంది.

రెండోది సివిల్ దారి, నష్టపరిహారం దావా. వైద్యం ఖర్చు, పోయిన సంపాదన, పడ్డ బాధ అన్నీ అడగొచ్చు.

గట్టిగొళ్ళెం
నల్లకోటు గారూ, ఇది అన్యాయం. సొంత ఇల్లు, సొంత గేటు, బోర్డు కూడా పెట్టారు. ఇంకేం చేయాలి? పిలవకుండా లోపలికొచ్చినవాడి తప్పేం లేదా? ఇక కుక్కను పెంచుకోవడం దేనికి?

పార్సిల్‌బండి
నేనూ ఆ పనే చేస్తాను, ఆరేళ్ళుగా. గట్టిగొళ్ళెం అన్నా, "పిలవకుండా" అన్నారు. ఆర్డరు పెట్టడమే పిలవడం కదా. ఇంటి ముందుకు రమ్మని డబ్బు కట్టి మరీ పిలిచారు. బెల్లు కొడతాం, ఫోన్ చేస్తాం, ఎత్తరు. వెనక్కి తీసుకెళ్తే "ఇంట్లోనే ఉన్నాం, రాలేదు" అని కంప్లయింటు. రోజుకు వంద గేట్లు చూస్తాం. సగం గేట్లకు కుక్క బోర్డు ఉంటుంది, లోపల కుక్క ఉండదు. కుక్క ఉన్న చాలా ఇళ్ళకు బోర్డు ఉండదు. బోర్డు చూసి మేం ఏం తెలుసుకోవాలి?

నన్ను రెండుసార్లు కరిచాయి. రెండుసార్లూ ఆ ఇంటివాళ్ళు మొదట అన్న మాట ఒకటే: "మావాడు ఏమీ చేయడు."

మూడోఅంతస్తు
"మావాడు ఏమీ చేయడు" అనే మాటకు విడిగా ఒక సెక్షన్ పెట్టాలి :)

నల్లకోటు
గట్టిగొళ్ళెం గారికి జవాబు. బోర్డు పనికిరాదని నేననలేదు. అదొక్కటే సరిపోదంటున్నాను. సెక్షన్‌లో మాట "సరిపడా జాగ్రత్త". గొళ్ళెం పడని గేటు వెనక కుక్కను వదిలి, బయట బోర్డు తగిలిస్తే సరిపోయిందని ఏ మేజిస్ట్రేటుకు చెప్పుకుంటాం? చదువురానివాళ్ళొస్తారు, చిన్నపిల్లలొస్తారు, చీకట్లో వస్తారు.

ఇంకో సంగతి. బోర్డు ఎదురు తిరగడం కూడా ఉంది. పెంపుడు జంతువుల విషయంలో పాత ఇంగ్లిష్ న్యాయసూత్రం ఒకటి మన కోర్టుల్లోకీ వచ్చింది. పులో సింహమో అయితే యజమానికి దాని స్వభావం తెలుసా లేదా అని అడగరు, బాధ్యుడే. కుక్కలాంటి సాధుజంతువైతే "ఇది కరుస్తుందని ముందే తెలుసా" అని అడుగుతారు. తెలియకపోతే, నిర్లక్ష్యం ఉందా అని చూస్తారు. అవతలి లాయరు లేచి "తెలియకపోతే జాగ్రత్త అని ఎందుకు రాశారు?" అంటాడు. మీరు జవాబు ఆలోచించి పెట్టుకోవాలి.

గట్టిగొళ్ళెం
అంటే పెట్టినా తప్పే, పెట్టకపోయినా తప్పేనా?

నల్లకోటు
పెట్టండి. దానితోపాటు గొళ్ళెం కూడా వేయండి. మీ పేరులోనే ఉంది కదా.

దూరతీరం
నేను కాలిఫోర్నియాలో ఉంటాను. ఇక్కడ సివిల్ కోడ్ 3342 చాలా సూటిగా ఉంటుంది. కుక్క అంతకుముందు కరిచిందా, యజమానికి తెలుసా అనేది లెక్కలోకే రాదు. కరిచిందంటే యజమాని నష్టపరిహారం ఇవ్వాలి. కరవబడ్డ మనిషి బహిరంగ స్థలంలోనో, చట్టబద్ధంగా ఆ ఇంటి ఆవరణలోనో ఉంటే చాలు. ఉత్తరాలు ఇవ్వడానికొచ్చే పోస్టల్ ఉద్యోగి చట్టబద్ధంగా వచ్చినట్టేనని సెక్షన్‌లోనే రాసి ఉంది. అందుకే ఇక్కడ ఇంటి ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు కుక్క ఉందా, ఏ జాతి అని అడుగుతారు. కొన్ని జాతులుంటే కొన్ని కంపెనీలు పాలసీయే ఇవ్వవు.

వానచినుకు
అమెరికా అంతా అలా ఉండదు. మేం టెక్సస్‌లో ఉంటాం. ఇక్కడ "మొదటి కాటు" సూత్రమే ఇంకా నడుస్తోంది. కుక్క ప్రమాదకరమని యజమానికి ముందే తెలిసుండాలి, లేదా అతని నిర్లక్ష్యమైనా చూపించాలి. మొదటి కాటు ఉచితం అని కాదు దానర్థం. ఇంతకుముందు పళ్ళు చూపించి మీదికి ఉరికినా, యజమానికి తెలిసినట్టే వాదించొచ్చు.

న్యూయార్క్ విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2006 నుంచి అక్కడ నిర్లక్ష్యం పేరుతో దావా వేసే వీలుండేది కాదు, కుక్క స్వభావం యజమానికి ముందే తెలుసని నిరూపించాల్సి వచ్చేది. 2025 ఏప్రిల్‌లో అక్కడి పై కోర్టు ఆ పద్ధతి మార్చేసింది. అప్పుడు దావా వేసింది ఎవరనుకున్నారు? పార్సిల్ ఇవ్వడానికి వెళ్ళిన పోస్టల్ ఉద్యోగిని. అచ్చం ఇదే పరిస్థితి.

పాతపోస్ట్‌మాన్
పోస్టల్ పేరు రాగానే ఆగలేకపోయాను. ముప్పై ఒక్క ఏళ్ళు సైకిల్ మీద ఉత్తరాలు పంచాను. నాలుగు కాట్లు. అప్పట్లో బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు, తలుచుకుంటే ఇప్పటికీ పొట్ట బిగుసుకుంటుంది. మూడు ఇళ్ళవాళ్ళు కనీసం తలుపు తీసి చూడలేదు. నాలుగో ఇంటి పెద్దావిడ నా కాలు సబ్బుతో కడిగి, తన కొడుకును తోడిచ్చి పంపింది. పద్నాలుగు రోజులూ ఆ కొడుకు నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని సూదులు వేయించుకొచ్చాడు. ఆ ఇంటిమీద నాకు ఇవాళ్టికీ కోపం లేదు. మిగతా మూడిళ్ళ గేట్లు ఏ రంగో కూడా గుర్తున్నాయి.

సింబావాళ్ళమ్మాయీ, మీ అత్తగారు చెప్పింది నిజం.

పశువులడాక్టరు
ఒక్కటి మధ్యలో చెప్పాలి. కుక్కకు టీకా పుస్తకం ఉంది కదా అని కరిచినవాళ్ళకు టీకా ఆపొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. గాయాన్ని సబ్బు, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. కండకు ఇచ్చే పద్ధతిలో అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో డోసులు. చర్మంలో ఇచ్చే పద్ధతిలో 14వ రోజు ఉండదు. ఏ పద్ధతో ఆస్పత్రి చీటీ మీద చూసుకోండి. ఒక్క తేదీ కూడా తప్పనివ్వకండి.

సింబాను 10 రోజులు కళ్ళముందే ఉంచండి. కరిచేనాటికి లాలాజలంలో వైరస్ ఉంటే ఈ 10 రోజుల్లో కుక్క జబ్బు పడి తీరుతుంది. ఆరోగ్యంగా ఉంటే ఆ కాటువల్ల రేబిస్ రాదని ధీమాగా ఉండొచ్చు. భయంతోనో కోపంతోనో దాన్ని ఎక్కడో వదిలేసి రాకండి. అలా చేస్తే ఆ కుర్రాడికున్న ఈ ధీమా పోతుంది. మీ మీద ఇంకో తప్పు పడుతుంది, జంతుహింస నివారణ చట్టం కింద కుక్కను అలా వదిలేయడమూ నేరమే.

రెండుజడలు
నేను అవతలి వైపు నుంచి రాస్తున్నా. మా పాపకు ఐదేళ్ళప్పుడు పక్కింటి కుక్క బుగ్గ మీద కరిచింది. తొమ్మిది కుట్లు. వాళ్ళు మొదటి మాటగా "పాపే తోక లాగింది" అన్నారు. లాగిందేమో, ఐదేళ్ళ పిల్ల. తోక లాగితే బుగ్గ చీలాలా? మేం కేసు పెట్టాలని వెళ్ళలేదు. వాళ్ళు ఆ మాట అనకపోయుంటే పెట్టేవాళ్ళమే కాదు.

గట్టిగొళ్ళెం
పాప సంగతి చదివి బాధేసింది. కానీ రెచ్చగొడితే ఏ కుక్కయినా కరుస్తుంది, ఆ మాట కూడా చట్టం వినాలి కదా. మా వీధిలో ఒకాయన రోజూ కర్రతో గేటు మీద కొట్టి వెళ్తాడు. రేపు మా కుక్క అతన్ని పట్టుకుంటే?

నల్లకోటు
వింటుంది. కావాలని రెచ్చగొట్టారని నిరూపిస్తే బాధ్యత తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగానే పోతుంది. కానీ నిరూపించాల్సింది మీరు. చిన్నపిల్లల విషయంలో ఈ వాదన నిలబడడం చాలా కష్టం. పసిపిల్లలు తోక లాగుతారని పెద్దవాళ్ళు ముందే ఊహించి జాగ్రత్తపడాలి. కర్రతో కొట్టే ఆయన వీడియో తీసి పెట్టుకోండి, అతనితో ఒకసారి మాట్లాడండి.

లండన్‌వాన
దొంగ సంగతి ఎవరూ అడగలేదేం? బ్రిటన్‌లో 1991 నాటి డేంజరస్ డాగ్స్ యాక్ట్ మొదట బహిరంగ స్థలాలకే ఎక్కువగా వర్తించేది. 2014 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో సొంతింట్లో, సొంత పెరట్లో జరిగినా నేరమే. కుక్క అదుపు తప్పి మనిషిని గాయపరిస్తే యజమానికి 5 ఏళ్ళ దాకా, మనిషి చనిపోతే 14 ఏళ్ళ దాకా జైలు. ఇంట్లోకి చొరబడ్డవాణ్ణి కరిస్తే మినహాయింపు ఉంది. అంటే దొంగను కరిస్తే ఒకటి, పార్సిల్ అబ్బాయిని కరిస్తే ఇంకొకటి. ఎక్స్‌ఎల్ బుల్లీ జాతి అయితే 2024 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో అనుమతి పత్రం లేకుండా ఉంచుకోవడమే నేరం. బయటికి తీస్తే పట్టీ, మూతికి బుట్ట ఉండాల్సిందే.

మూడోఅంతస్తు
మన దగ్గర కూడా 2024 మార్చిలో 23 జాతుల కుక్కల అమ్మకం, పెంపకం ఆపమని కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది కదా, అదేమైంది?

నల్లకోటు
ఏప్రిల్‌లోనే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. సంబంధం ఉన్నవాళ్ళెవర్నీ అడగకుండా చేశారని. ఏదైనా, ఇక్కడ కరిచింది లాబ్రడార్. అందరూ మెత్తనిదనుకునే జాతి. నా ఫైళ్ళలో సగం కేసులు ఇలాంటి "మెత్తని" కుక్కలవే, ఎందుకంటే వాటికి ఎవరూ గొళ్ళెం వేయరు.

లిఫ్టుపక్కఫ్లాటు
మా అపార్ట్‌మెంటు కమిటీలో ఉన్నాను. ఇక్కడ రోజూ ఇదే గొడవ. కొందరు కుక్కలే వద్దంటారు, కొందరు పట్టీ కూడా కట్టరు. కుక్కలే వద్దని కమిటీ తీర్మానం చేయకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. లిఫ్టు వాడొద్దనడానికీ లేదు. కానీ అందరూ తిరిగేచోట పట్టీ వేసుకోమని యజమానులకు అందులోనే సలహా ఉంది. ఆ భాగం ఎవరూ చదవరు.

ఒక సందేహం. మా ఫ్లాట్లలో కుక్కల్ని తిప్పడానికి ఒకబ్బాయిని పెట్టుకున్నారు. ఒకేసారి నాలుగు కుక్కలతో దిగుతాడు. వాటిలో ఒకటి కరిస్తే యజమానిదా, అతనిదా?

నల్లకోటు
మంచి ప్రశ్న. 291లో "యజమాని" అనే మాట లేదు, "స్వాధీనంలో ఉన్న" అని ఉంది. ఆ నిమిషంలో పట్టీ ఎవరి చేతిలో ఉందో వాళ్ళ మీదికీ వస్తుంది. సివిల్ దావాలో మాత్రం, జీతమిచ్చి ఆ పని చెప్పినవాళ్ళు తప్పించుకోవడం కష్టం. ఊరెళ్తూ బంధువుల ఇంట్లో కుక్కను వదిలేవాళ్ళు కూడా ఇది గుర్తుంచుకోవాలి.

రెండుజడలు
మరి వీధికుక్క కరిస్తే ఎవర్ని పట్టుకోవాలి?

నల్లకోటు
అది వేరే పెద్ద కథ. 2023 నవంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు ఒక్కో పంటి గాటుకు కనీసం 10,000 చొప్పున, కండ ఊడితే ప్రతి 0.2 సెంటీమీటర్ల గాయానికి కనీసం 20,000 చొప్పున పరిహారమని, మొదటి బాధ్యత ప్రభుత్వానిదని తీర్పు ఇచ్చింది. అది ఆ హైకోర్టు పరిధిలోని మాట. కానీ పంటి గాటుకు ఒక విలువ కట్టిన లెక్క కాబట్టి, రాజీకి కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు ఎత్తుతారు.

గట్టిగొళ్ళెం
రాజీ అన్నారు కాబట్టి, సింబావాళ్ళు ఇప్పుడే పదో పరకో ఇచ్చి కాగితం రాయించుకుంటే సరిపోదా? పోలీసులదాకా ఎందుకు?

నల్లకోటు
రాసుకోవచ్చు. రెండు జాగ్రత్తలు. ఒకటి, కేసు నమోదయ్యాక ఇద్దరూ కాగితం రాసుకున్నంత మాత్రాన కేసు దానంతటది పోదు, కోర్టు దాకా వెళ్ళాల్సిందే. రెండు, డోసులన్నీ పూర్తికాకముందే "ఇక నాకేమీ రావు" అని సంతకం పెట్టించకండి. అది అతనికి అన్యాయం. రేపు గాయం చీము పడితే ఆ కాగితం మీకు కూడా అక్కరకు రాదు. ఇప్పటివరకు పెట్టిన ఖర్చుకు రసీదులు, ఆస్పత్రి చీటీలు దాచండి. మీరు వెంటనే వైద్యం చేయించారన్నది మీకున్న అన్నిటికంటే గట్టి సాక్ష్యం.

పార్సిల్‌బండి
అక్కా, ఒక మాట. మాకు నెలజీతం ఉండదు, తిరిగితేనే డబ్బు. ఇంజెక్షన్ ఖర్చు ఇచ్చాం అని అందరూ అంటారు. పోయిన రోజుల కూలి సంగతి ఎవరూ అడగరు. అతని అన్నకు కోపం ఎందుకొచ్చిందో నాకర్థమవుతోంది.

సింబావాళ్ళిల్లు
నిజం చెప్పాలంటే ఆ ఆలోచన మాకు రాలేదు. ఇంజెక్షన్ ఖర్చు పెట్టాం కదా అనే అనుకున్నాం.

పాతపోస్ట్‌మాన్
ఫోన్లో మాట్లాడకండి. ఇంటికి వెళ్ళండి. మీ ఆయన్ని కూడా తీసుకెళ్ళండి.

వానచినుకు
ఇది రాసి నాలుగు రోజులైంది. ఏమైందమ్మా?

సింబావాళ్ళిల్లు
ఆలస్యానికి ఏమీ అనుకోకండి. మర్నాడే వెళ్ళాం, మా ఆయన కూడా వచ్చారు. వెళ్ళేదారిలో మొహం ముడుచుకునే ఉన్నారు. ఆ అబ్బాయి మంచం మీద కాలు ఎత్తుపెట్టుకుని కూర్చున్నాడు. వాపు అప్పటికి తగ్గలేదు. మా ఆయన ఆ కాలు చూశాక బోర్డు మాట ఎత్తలేదు. "గొళ్ళెం వేయలేదు, తప్పు మాది" అని ఆయనే అన్నారు. నేను ఆశ్చర్యపోయాను.

బండి తోలలేని రోజులకు వాళ్ళు లెక్క చెప్పారు, బేరమాడకుండా ఒప్పుకున్నాం. కాగితం ఏదీ రాయించుకోలేదు, 28వ రోజు డోసు అయ్యాక చూద్దామనుకున్నాం. వాళ్ళన్న కంప్లయింటు ఇస్తాడో లేదో ఇంకా చెప్పలేదు, మేం అడగలేదు. ఇస్తే అది అతని హక్కు.

గేటుకు దానంతటదే పడే గొళ్ళెం పెట్టించాం, గేటుకీ వసారాకీ మధ్య ఇంకో చిన్న గేటు కూడా. పార్సిళ్ళకు గోడ బయట పెట్టె బిగించాం. లోపలికి రానక్కర్లేదు.

పార్సిల్‌బండి
ఆ పెట్టె ఒక్కటి ప్రతి ఇంటికీ ఉంటే చాలక్కా.

గట్టిగొళ్ళెం
దానంతటదే పడే గొళ్ళెం ఎలాంటిది, ఫోటో పెట్టగలరా? మా గేటుకు కూడా చూడాలి.

పశువులడాక్టరు
సింబా ఎలా ఉన్నాడు?

సింబావాళ్ళిల్లు
తింటున్నాడు, తాగుతున్నాడు, మామూలుగానే ఉన్నాడు. రోజూ రాసి పెడుతున్నాను, ఇవాళ్టికి ఆరో రోజు. రేపు ఆ అబ్బాయికి 7వ రోజు ఇంజెక్షన్. మా ఆయనే బండి మీద తీసుకెళ్తానన్నారు. గట్టిగొళ్ళెం గారూ, ఫోటో రాత్రికి పెడతాను.